తంగేడు గుట్ట

ముప్పై ఎనిమిదేండ్లు నేను బడిల సాంఘికశాస్త్రం చెప్పిన. భూమధ్యరేఖా ప్రాంతపు అడవులు అనే పాఠం ఏదో ఒక తరగతికి ప్రతి ఏడూ వచ్చేది. గోడకు ప్రపంచ పటం తగిలించి, పుల్ల కొన అమెజాన్ నది మీద పెట్టి చెప్పేటోణ్ణి. 'ఇగో, ఇవి సెల్వాలు. ఏడాదికి 2000 మిల్లీమీటర్ల కంటె ఎక్కువ వాన. కొమ్మలు ఒకదాంట్ల ఒకటి అల్లుకొని ఎండ నేల మీద పడది.' పిల్లలు నోట్సు రాసుకునేది. నేనెన్నడూ చూడని అడివిని వాళ్లెన్నడూ చూడని అడివిగ అప్పజెప్పేటోణ్ణి.

1991ల అనుకుంట, ఏడో తరగతి ఆడపిల్ల ఒకతె లేచి అడిగింది. 'సార్, మీరెప్పుడన్న అడివిల పులిని చూసిండ్రా?'

'లేదమ్మా. జూల చూసిన' అన్న.

అది అబద్ధం. నేను చిరుతపులిని చూసిన. పదేండ్ల వయసుల, ఇప్పుడు విమానాలు దిగుతున్న జాగకు దగ్గర్లనే, మా నాయిన పక్కన కూసోని చూసిన. ఆ పిల్లకు ఎందుకు లేదన్ననో చెప్పాలంటే మా గుట్ట సంగతి చెప్పాలె. మా నాయిన పని సంగతి గూడ చెప్పాలె. రెండూ ఒకటే సంగతి.

మాది శంషాబాద్ దిక్కు ఊరు. ఊరి పేరు రాయను. రాస్తే ప్లాట్లు అమ్మెటోళ్లకు తప్ప ఎవరికీ పనికిరాదు. ఊరు, ఊరవతల మా మాదిగగూడెం, గూడెం దాటితే గుట్ట. అది అమెజాన్ కాదు. మా దిక్కు ఏడాది మొత్తం మీద 800 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అది గూడ వానకాలం మూడు నాలుగు నెలల్లనే. గుండ్లు, గుండ్ల నడుమ ముండ్లు. రేగు, పరికి, బలుసు, మోదుగ, సీతాఫలం. ఎండకాలం చూస్తే అంత సచ్చిపోయినట్టె ఉంటది. రెండు వానలు పడంగనే గుండ్ల సందుల్లకెల్లి సుత పచ్చగ లేస్తది. సర్కారు కాగితాల్ల దాని పేరు కంచె, పోరంబోకు, బంజరు. బంజరంటె ఏమీ పండనిదని నేనే పిల్లలకు అర్థం చెప్పిన. మా బువ్వ మాత్రం అక్కడనే పండింది.

గుట్ట నిండ తంగేడు. 2014 నుంచి అది తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మల పేర్చే పువ్వు. మాకు పువ్వు కంటె చెక్కతోటి పని. చెక్క అంటె బెరడు. అది లేకపోతె తోలు లేదు.

చదువుకున్న పిల్లలకు ఇప్పుడు ఈ పని తెలువది కాబట్టి కొంచెం చెప్త. పచ్చితోలును సున్నపు నీళ్లల్ల నానేస్తరు. బొచ్చు ఊడటానికి వచ్చినంక రంపెతోటి గీకుతరు. నీళ్లల్ల మల్ల మల్ల కడుగుతరు, సున్నం పోవాలె. అప్పుడు తంగేడు చెక్కను దంచి నీళ్లల్ల కలిపితె ఎర్రగ దిగుతది. ఆ ఎర్ర నీళ్లల్ల తోలును రోజుల తరబడి ఊరబెడుతరు. అది లంద. ఊరినంక తోలును సంచి లెక్క కుట్టి, లోపల చెక్క, చెక్క నీళ్లు నింపి కొమ్మకు వేలాడదీస్తరు. బొట్టు బొట్టు కారుకుంట, మల్ల పోసుకుంట, తోలు పండుతది. పండుడు అనేది మా నాయిన మాట. పచ్చితోలు మురుగుతది, పండిన తోలు నీళ్లల్ల నానినా చెడది. దానితోనే మోటబొక్కెన, చెప్పులు, కాడికి పట్టెడలు. డప్పుకు మాత్రం లంద తోలు పనికిరాదు, అది వేరె లెక్క.

ఊరి బావుల్ల నీళ్లు మా నాయిన పండించిన తోలును ముట్టుకొనె పటేండ్ల పొలాలకు పోయినయి. ఆ బావి గడ్డ మీద మేము కాలు పెట్టరాదు.

చెక్క కోసం తెల్లారకముందె గుట్టకు పోయేది. నాయిన ముందు, నేను ఎనుక. చేతిల కొడవలి, నెత్తి మీద గోనెసంచి, కాళ్లకు నాయిన కుట్టిన చెప్పులు. ఆ చెప్పులు ఊళ్లె నడిచేటప్పుడు చేతిలకు వస్తుండె, గుట్ట మీద కాళ్లకు ఉంటుండె. నాకు గుట్ట అంటె ఇష్టం కావటానికి అదొక కారణం.

గుట్ట మీద నాయిన వేరె మనిషి. ఊళ్లె నడుము వంగి 'బాంచెన్ పటేలా' అనే మనిషి అక్కడ నిటారుగ నడిచేది. ఎక్కువ మాట్లాడకపోయేది. ఏదన్న చెప్పాలంటె చేతితోటి ఆగుమనేది, వేలుతోటి చూపించేది. తీతువుపిట్ట ఒక్క తీరుగ మొత్తుకుంటె అటు మనిషన్న ఉన్నడు, నక్కన్న ఉన్నది. కౌజుపిట్టలు ఒక్కసారె ఊరుకుంటె మనం గూడ ఊరుకోవాలె. ఉడుము గుండు సందుల దూరితె తోక పట్టి గుంజినా రాదు, ఒళ్లు ఉబ్బించుకుంటది. పాము పోయిన గీత ఇసుకల ఎట్లుంటది, ఉడుము తోక గీత ఎట్లుంటది, రెండూ నేలమీద గీసి చూపించిండు. అడుగు జాడల సంగతి గూడ అట్లనె.

'ఇది కుక్క. గోర్లు పడ్డయి చూడు. నక్క సుత గోర్లు పడ్తయి. పిల్లి జాతికి గోరు పడది, లోపలికి మలుసుకొని నడుస్తది. అడుగు పెద్దగుండి గోరు లేకపోతె ఆడనె ఆగు. ఉరకకు.'

'ఉరికితె ఏమైతది నాయినా?'

'ఉరికేదాన్నె అది పడ్తది.'

ఇయ్యాల దీనికి ట్రెక్కింగ్ అని పేరు. బూట్లు, టోపీ, బైనాక్యులర్, ముందు నడిచేటోనికి ఫీజు. మా నాయినకు ఎవడూ ఫీజు ఇయ్యలె. అతను ఆ పొద్దు తెచ్చిన చెక్క మోపు దించినంక 'లంద వాసన దూరంగ పో' అన్నోళ్లె ఉన్నరు.

1972ల కరువు వచ్చింది. తెలంగాణల పెద్దలెవరినన్న అడగండి, ఆ ఏడు గురించి చెప్తరు. చెరువులు నెర్రెలు వాసినయి. గడ్డి లేదు. పశువులు కొట్టాలల్లనె కూలబడ్డయి. ఊళ్లె గొడ్డు సస్తె మా గూడేనికి కబురు. మోకులు కట్టి గుట్ట కింద బొక్కల గడ్డకు గుంజుకపోయి, అక్కడ తోలు తీసేది. వారానికి ఒకటి వచ్చే కాడ ఆ ఏడు రోజుకు ఒకటి, ఒక్కోసారి రెండు. తోలు మాది కాదు, చెప్పులుగనో బొక్కెనగనో పటేండ్లకె పోవాలె. కూర మాది.

కరువుల ఊరంత ఏడ్సింది. మా గూడెంల పొయ్యి మీద కూర ఉడికింది. మిగిలింది తున్కలు కోసి దండేల మీద ఎండబెట్టినం. ఈ మాట రాసేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి ఒకసారి ఆగుతది. ఆగినా రాస్తున్న.

బొక్కల గడ్డకు మేమొక్కలమె పోకపోయేది. మేం పోయేసరికె గుండ్ల మీద రాబందులు కూసోని ఉండేవి, మెడలు లోపలికి గుంజుకొని, ఊరి పంచాయితికి వచ్చిన ముసలోళ్ల లెక్క. నాయిన కత్తి పట్టంగనె కొంచెం జరిగేవి, అంతె. భయపడకపోయేవి. తోలు ఒల్చేది నాయిన. కూర మా గూడెపోళ్లు కోసుకునేది. మేం లేచినంక రాబందులు దిగేవి. పొద్దుగూకినంక నక్కలు, ఊరకుక్కలు. తెల్లారి చూస్తె తెల్లటి బొక్కలు తప్ప ఏమీ ఉండకపోయేది. ఊరు ముక్కు మూసుకొని పారేసిన దాన్ని ఊరు ముక్కు మూసుకొని చూసే మేమూ, అవీ కలిసి శుభ్రం చేసినం. ఏ కలరా రాలె, ఏ వాసనా ఊళ్లెకు పోలె. దాని లెక్క ఎవరు రాసిండ్రు?

ఆ రోజు మాపటేళ. ఒక పటేల్ ఎద్దు, ముసలిది కాదు, గడ్డి లేక పోయింది. మిగతావాళ్లు కూర తీసుకొని పోయిండ్రు. నాయిన తోలు చుట్టుకుంట కూసున్నడు, నేను కాళ్ల కాడి తోలు గీకుతున్న. ఉన్నట్టుండి రాబందులన్నీ లేచినయి. అన్ని రెక్కలు ఒక్కసారి కొట్టుకుంటె దుప్పట్లు దులిపినట్టు చప్పుడు. తర్వాత చప్పుడు లేదు. కౌజులు లేవు, తీతువు లేదు. నాయిన చెయ్యి నా భుజం మీద పడ్డది. గట్టిగ కాదు. 'లేవకు' అన్నడు.

గుండు మీద అది నిలబడి ఉన్నది. ఎక్కడికెల్లి వచ్చిందో చూడలె. గుండు రంగుల గుండు లెక్కనె ఉన్నది, తోక కొన మాత్రం కదులుతున్నది. మచ్చలు తర్వాత కనబడ్డయి. బక్కగుండె. కడుపు లోపలికి పోయి పక్కబొక్కలు లెక్కపెట్టొచ్చు. దానికి గూడ కరువె. మా దిక్కు చూసింది. నా దిక్కు కాదు, నాయిన చేతిల కత్తి దిక్కు చూసింది.

నాయిన ఏమీ తొందర పడలె. ఎద్దు ఎనుక తొడ కీలు కాడ కత్తి తిప్పిండు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ తెలుస్తది. తొడ విడిపించి, లేవకుండనె, కూసున్న కాడికెల్లి రెండు చేతులతోటి గుండు దిక్కు నూకిండు. తోలు చుట్ట భుజం మీద వేసుకొని, నా చెయ్యి పట్టుకొని, ఎనుకకు ఎనుకకు నడిచినం. మర్రి కాడికి వచ్చినంక అప్పుడు తిరిగినం.

'దానికెందుకు ఇచ్చినవ్ నాయినా?'

'దాని పాలు దానికియ్యాలె గద బిడ్డా. మనం దాని ఇంట్ల పనిచేస్తున్నం.'

అదే 1972ల ఢిల్లీల వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. అది మంచి చట్టమె. నేను తప్పు పట్ట. అంతకుముందు దొరలూ నవాబులూ జీపులేసుకొని తుపాకులతోటి కాలిస్తె దాని పేరు షికారు. వనస్థలిపురం కాడి జింకల పార్కు ఒకప్పుడు నిజాం వేటాడిన అడివి. మా గూడెపోడు ఉడుమును పట్టుకొస్తె మాత్రం దొంగ. చట్టం రాకముందు గూడ దొంగనె.

మల్ల ఏడు నేను పెద్దబడికి పోయిన. సైన్సు పాఠంల అడివి జంతువులు వచ్చినయి. సారు అడిగిండు, 'మీల ఎవరన్న పులిని చూసిండ్రా?' నేను చెయ్యి లేపిన. బడిల నేను చెయ్యి లేపిన మొదటిసారి అది. బొక్కల గడ్డ సంగతి, గుండు సంగతి అంత చెప్పిన. చెప్తుంటెనె నవ్వు మొదలైంది. ముందు బెంచీలోళ్లు ముక్కు మూసుకున్నరు. సారు సుత నవ్విండు. 'సచ్చిన గొడ్డుకాడికి పులి ఎందుకొస్తదిరా, మీ అసొంటోళ్లు వస్తరు గని. నక్కను చూసి ఉంటవు. నక్కనె గదా?'

అందరు నా దిక్కు చూస్తున్నరు. 'అవును సార్. నక్కనె' అన్న.

ఆ సారు పేరు నాకు యాదికున్నది, రాయను. ఇన్నేండ్లు నేను కోపం పెట్టుకున్నది ఆయన మీద కాదు. నక్క అన్న నోరు మీద. మా నాయిన పక్కన కూసోని, ఆయన చెయ్యి భుజం మీద ఉండంగ చూసినదాన్ని, నవ్వుకు భయపడి నక్కను చేసిన. ఆ రోజు నుంచి చెక్కకు పోవుడు బంద్ చేసిన. చదువు ఉన్నదని చెప్పిన. నాయిన ఏమనలె, ఒక్కడే పోయిండు.

1985ల నాకు టీచరు నౌకరి వచ్చింది. అదే ఏడు జూలైల కారంచేడు. మా గూడెంల పోరగాండ్లు రాత్రి కూడిండ్రు. అంబేడ్కర్ 1927లనె మహాడ్‌ల చెప్పిండు, సచ్చిన గొడ్డు మాంసం ఇడిసిపెట్టుమని. మనకు యాభై ఎనిమిదేండ్లు పట్టిందని ఒకడు అన్నడు. ఇగ మీద గొడ్డును గుంజేది లేదని తీర్మానం. నేను గూడ లేచి మాట్లాడిన. ఇంటికి వచ్చి 'ఇడిసిపెట్టు నాయినా' అన్న. నాయిన రంపె, ఆరె, కత్తి గుడ్డల చుట్టి దూలం సందుల పెట్టిండు. ఊళ్లె పటేండ్లు కూలి బంద్ పెట్టిండ్రు, మూడు నెలలు అరిగోస పడ్డం. చివరికి వాళ్ల గొడ్లు వాళ్లె ట్రాక్టరుకు కట్టి గుంజుకున్నరు.

ఇది చదివి పాత కాలమె మంచిగుండె అని ఎవరన్న అనుకుంటరేమొ. లేదు. ఆ పని పోవాల్సిందె. పోయినందుకు నాకు రవ్వంత బాధ లేదు. బాధ ఏందంటె, దూలం సందులకు కత్తితో పాటు గుట్ట సంగతి అంత పోయింది. అదంత తెలిసిన మనిషిని నేను ఒక్కనాడు గూర్చోబెట్టి అడగలె. నోట్సు రాసుకోలె. అమెజాన్ గురించి మాత్రం రాయించిన.

తొంభైలల్ల నాయిన అరుగు మీద కూసోని పైకి చూసేటోడు. 'రాబందులు ఏడబోయినయిరా? ఒక్కటి కనపడ్తలేదు.' మొదట నేను పట్టించుకోలె. ఆయనకు మాత్రం అది రంది పట్టుకున్నది. 'మనం గొడ్లను ఎయ్యుడు బంద్ చేసినం. అవి ఆకలికి సచ్చినయి' అనేటోడు. ఇడిసిపెట్టుమన్నది నేనె కాబట్టి ఆ మాట నాకు గుచ్చుకునేది. 2001ల పోయిండు. పోయేదాక అదె మాట.

2004ల శాస్త్రవేత్తలు కనిపెట్టిండ్రు. పశువులకు నొప్పికి, వాపుకు వేసే డైక్లోఫెనాక్ అనే మందు. అది ఎక్కించిన గొడ్డు సస్తె, ఆ మాంసం తిన్న రాబందు కిడ్నీలు చెడి సస్తది. అట్ల దేశంల తెల్లవీపు రాబందులు నూటికి 99 పోయినయి. 2006ల పశువులకు ఆ మందు వాడరాదని మన సర్కారు నిషేధం పెట్టింది. పేపర్ల చదివిన రోజు స్టాఫ్‌రూంల ఒక్కణ్ణె కూసున్న. నాయినా, అవి ఆకలికి పోలె, మనం చంపలె అని చెప్పటానికి మూడేండ్లు ఆలస్యమైంది.

రాబందులు పోయిన ఆకాశంలకు విమానాలు వచ్చినయి. 2005 మార్చిల శంకుస్థాపన, 2008 మార్చిల మొదటి విమానం. 5500 ఎకరాల దాక భూమి. పొలం పోయినోళ్లకు కాగితం ఉన్నది, కాగితానికి లెక్క ఉన్నది. ఆ లెక్క సరిపోయిందా లేదా అనేది ఇంకో వ్యాసం. మా నాయిన గుట్టకు మాత్రం ఏ కాగితమూ లేదు. తంగేడు చెక్క హక్కు ఎవరి పాస్‌బుక్కులనూ రాసి లేదు. గుట్ట సగం గోడ లోపలికి పోయింది, సగం బయట ఉన్నది. బయటి సగం మీద ఇప్పుడు ప్లాట్ల రాళ్లు. లోపలి సగమె పచ్చగున్నదని చెప్తరు, మనిషి పోడు కాబట్టి.

లోపలికి పోయేటోడు మా ఇంట్ల ఒకడున్నడు. మా తమ్ముని కొడుకు. కాంట్రాక్టరు కింద పిట్టలను కొట్టే పని. కొట్టుడంటె చంపుడు కాదు, పటాకులు కాల్చి, చప్పుడు చేసి రన్‌వే మీదికెల్లి లేపుడు. విమానం ఇంజనుల పిట్ట పడితె ప్రమాదం. గద్దలు ఏ యాళ్లకు లేస్తయి, కొంగలు ఎప్పుడు దిగుతయి, వాన పడ్డ మరునాడు పురుగులకు ఏ పిట్టలొస్తయి అంత వానికి తెలుసు. ఎవరు నేర్పిండ్రురా అంటె 'చూసుకుంట ఉంటె తెలుస్తది పెదనాయినా' అంటడు. తాత పిట్టల నడుమ కూసోని పనిచేసిండు, మనుమడు పిట్టలను లేపే పని చేస్తున్నడు. రెండూ పొట్టకోసమె.

2023ల నేను రిటైరైన. అదె ఏడు అక్టోబరుల, సెల్వాలు ఎట్లయినా చూడం గని మన దేశపువన్న చూద్దాం సార్ అని తోటి టీచర్లు బయలుదేరదీసిండ్రు. కర్ణాటకల, శివమొగ్గ జిల్లా, ఆగుంబె. పడమటి కనుమల వర్షారణ్యం. ఏడాదికి 7000 మిల్లీమీటర్ల పైన వాన పడే జాగ. మా ఊరికి తొమ్మిదేండ్లల్ల పడే వాన అక్కడ ఒక్క ఏడుల పడ్తది.

పాఠంల చెప్పింది నిజమె. మిట్టమధ్యాహ్నం సుత లోపల మసక చీకటి. చెట్ల మొదళ్లు పలకల లెక్క మనిషెత్తు లేచి ఉన్నయి. కొమ్మల మీద నాచు, నాచు మీద ఇంకో మొక్క. పాఠంల చెప్పనిది జలగలు. సాక్సుల్లకు ఉప్పు పోసుకున్నా ఎక్కినయి. గుడ్లు తేలేసి కేకలు పెట్టిండ్రు మావోళ్లు. ఎర్రటి పెద్ద ఉడుత కొమ్మ మీదికెల్లి కొమ్మ మీదికి దుంకింది, దాని తోకనె మన ఉడుతల కంటె పొడుగుంటది. ఆకుల పైన రైలింజను పోయినట్టు చప్పుడైతె గైడు వేలు చూపించిండు. పెద్ద ముక్కు పిట్ట, హార్న్‌బిల్. రెక్కల చప్పుడె అది. నేను రాబందులు లేచిన చప్పుడు యాదికి తెచ్చుకొని నిలబడిపోయిన.

గైడు యాభై ఏండ్ల మనిషి. బక్కగ, లుంగీ ఎగగట్టి, చెప్పులు లేకుండ ముందు నడిచిండు. మాట తక్కువ. ఆగుమనటానికి చెయ్యి, చూపించటానికి వేలు. ఎనుక నడుస్తున్న నాకు ఆ వీపు తెలిసిన వీపు. ఒక వాగు కాడ బురదల ఆగి కిందికి చూపించిండు. నేను వంగిన. అరచెయ్యంత అడుగు. నాలుగు వేళ్లు, గోరు లేదు. పక్క రాయి మీద మూత్రం వాసన గూడ ఉన్నది, ముక్కు దగ్గర పెట్టి చూసిన.

'చిరుత' అన్న, గైడు నోరు తెరవకముందె.

మావోళ్లు ఆశ్చర్యపోయిండ్రు. 'మీకెట్ల తెలుసు సార్?'

'పుస్తకంల చదివిన.'

గైడు నా దిక్కు ఒకసారి చూసిండు. పుస్తకంల చదివినోడు రాయిని వాసన చూడడు. ఆయన ఏమనలె. మల్ల నడిచిండు. మల్ల నడిచినంతసేపు నాకు అడివి కనబడలె. అరవై ఒక్క ఏండ్లు వచ్చినయి, నౌకరి అయిపోయింది, ఇంక ఎవరి నవ్వుకు భయం? అయినా నోట్లెకెల్లి మల్ల నక్కనె వచ్చింది.

2024 ఏప్రిల్ 28, ఆదివారం. పొద్దున తమ్ముని కొడుకు ఫోను. 'పెదనాయినా, పులి దుంకిందట! గొల్లపల్లి దిక్కు గోడ మీదికెల్లి లోపలికి.' రాత్రి మూడు దాటినంక ఎయిర్‌పోర్టు కంచె తీగకు తగిలి అలారం మోగిందని టీవీలల్ల చెప్పిండ్రు. బోన్లు పెట్టిండ్రు, ఎరకు మేకలను కట్టిండ్రు, కెమెరాలు పెట్టిండ్రు. మా దిక్కు ఇది కొత్త గాదు. 2020 మేల లాక్‌డౌన్ల కాటేదాన్ కాడ చిరుత నడి రోడ్డు మీద పండుకుంటె రాష్ట్రమంత చూసింది. కొత్తయింది ఏందంటె, ఈ చిరుత నాయిన గుట్ట దిక్కుకు పోయింది.

టీవీలల్ల అందరు ఒకటె మాట: 'జనావాసాల్లోకి చిరుత.' ఎవరి ఆవాసంలకు ఎవరొచ్చిండ్రు? దాని ఇంట్ల మనం పనిచేస్తున్నమన్న మనిషి టీవీల మాట్లాడటానికి లేడు.

మా టీచర్ల వాట్సాప్ గ్రూపుల బొమ్మలె బొమ్మలు. ఆగుంబె వచ్చినోళ్లు గూడ అందుల ఉన్నరు. 'మన ఎయిర్‌పోర్టులో చిరుతా? నమ్మలేకపోతున్నా' అని ఒకరు. నేను రాసిన: 'ఆ గుట్ట మీద 1972ల నేను చిరుతను చూసిన. సచ్చిన ఎద్దు కాడ, మా నాయినతోటి.'

బొటనవేలి బొమ్మలు నాలుగైదు వచ్చినయి. ఒకాయన అడిగిండు: 'సచ్చిన ఎద్దు కాడ మీకేం పని సార్?'

ఆయన మంచోడె, తెలువక అడిగిండు. ముప్పై ఏండ్ల దోస్తీల నా కులం తెలుసు గని మా పని తెలువది. ఫోను చేతిల పట్టుకొని చానసేపు కూసున్న. తర్వాత రాసిన: 'తోలు తీసే పని. మా నాయిన తీస్తుండె, నేను సాయం చేస్తున్న.'

ఆ రాత్రి గ్రూపుల ఇంకెవరు ఏమీ రాయలె. తెల్లారి ఎవరో గుడ్ మార్నింగ్ పెట్టిండ్రు.

మే 3న చిరుత బోన్ల పడ్డది. జూకు తీసుకపోయి పరీక్షలు చేసి, ఆమ్రాబాద్ పులుల అడివిల విడిచే ఏర్పాటు చేసిండ్రు. నల్లమల. మంచిగైంది, అది బతకాలె. ఆ అడివిల చెంచులున్నరు. పులుల కోసం చెంచుపెంటలను బయటికి పంపాలనె మాట ఏండ్ల తరబడి నడుస్తనె ఉన్నది. పులి జాడ చూడటానికి మాత్రం చెంచులె కావాలె. 2025 ఏప్రిల్ల కంచ గచ్చిబౌలిల చెట్లు కొట్టుడు ఆపుమని సుప్రీంకోర్టు చెప్పిన రోజు సంతోషమైంది. యూనివర్సిటీ పిల్లలు లాఠీదెబ్బలు తిని దాన్ని ఆపిండ్రు. మా కంచెను ఎవరన్న అడివి అని ఉంటె ఎట్లుండునో.

చిరుత పట్టుబడ్డ నాడు తమ్ముని కొడుకు మల్ల ఫోను చేసిండు.

'పెదనాయినా, తాత పులికి తొడకూర ఇచ్చిండని మా నాయిన చెప్తుండె. ముసలోళ్ల ముచ్చట అనుకున్న. నిజమేనా?'

'నిజమేరా. నేను పక్కన్నె ఉన్న.'

'మరి నాకెప్పుడు చెప్పలేదేందే?'

ఏం చెప్పాలె? బడిల నవ్విండ్రురా అనాలా. నేను మొత్తం చెప్పటం మొదలుపెట్టిన, కరువు కాడికెల్లి. రాబందులు ఎట్ల కూసునేవి, ఎట్ల లేచినయి, తీతువు ఎట్ల ఊరుకున్నది. వాడు నడుమ నడుమ అడుగుతున్నడు. తోలు చుట్టేటప్పుడు బొచ్చు లోపలికా బయటికా అని అడిగిండు. ఎన్ని రాబందులు ఉండేవి, ఏ గుండు మీద అని అడిగిండు. అసొంటి ప్రశ్నలు నేను మా నాయినను అడగలె. గుండు గుర్తులు చెప్తె, అది లోపలనె ఉన్నది పెదనాయినా, గోడకు ఇవతల, దాని మీద నెమళ్లు కూసుంటయి అన్నడు.

ఇంకా చెప్పేదుండె. వాడు ఆగుమన్నడు.

'ఎండ ఎక్కింది, గద్దలు లేచే యాళ్లయింది. డ్యూటీ దిగినంక మల్ల చేస్త, రాబందులు లేచిన కాడికెల్లి చెప్పు' అని పెట్టేసిండు.